రవూఫ్ సార్ అడిగిన ఎండ

పక్క సీటాయన కాళ్ల దగ్గర పురుగుల మందు కొట్టే స్ప్రే పంపు ఉంది. దాని మూతి నుంచి వచ్చే ఘాటు వాసన ముక్కులో ఆగదు, నేరుగా గొంతులోకి దిగుతుంది. గట్టు నుంచి గద్వాలకు వచ్చే సాయంత్రం బస్సులో ఆ వాసన నాకు కొత్తేమీ కాదు. కిటికీ తెరిచి ఊరుకునేదాన్నే. కానీ బస్సు స్కూలు మైదానం పక్కనుంచి పోతుండగా అతను వెనక సీటులోని మనిషికి చెయ్యి చాపి చూపించాడు.

"గిదేనే ఆ గ్రౌండు. గద్వాల కోచు మిట్టమధ్యాహ్నం ఉరికిచ్చి ఉరికిచ్చి పోరగాన్ని సంపిండంటరే, గీడనే."

"నువ్వు చూసినవా?" అన్నాను.

"అందరంటరు గద మేడం."

"అందరనుడు గాదు. నువ్వు చూసినవా?"

అతను పంపును కాళ్ల మధ్యకు లాక్కున్నాడు. వెనకాయన మాత్రం, "మేడంతోని పెట్టుకోకు, గద్వాల దాక వదలదు" అని నవ్వాడు. నిజమే, వదలను. ఈ కథను టీ కొట్టు దగ్గర విన్నాను, పెళ్లి భోజనాల్లో విన్నాను, ఒకసారి మా స్టాఫ్ రూములోనే విన్నాను. చెప్పే ప్రతివాడూ చివర్లో నాలుక చప్పరిస్తాడు, పాపం అన్నట్టు. ఆ పిల్లవాణ్ణి, తిమ్మప్పను, చంపింది ఎండ కాదు. ఆ సంగతి నేను ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం తిమ్మప్ప తండ్రి హనుమంతు బతికి ఉండటమే. ఆయన పోయిన వానాకాలంలో కన్నుమూశాడు. వీళ్లు చెప్పే ఆ కోచు, రవూఫ్ సార్, అంతకు ముందే పోయారు. ఇక ఈ నిజం ఎవరి గుండెకూ తగలదు.

అలాగని రవూఫ్ సార్‌ను దేవుణ్ణి చేసేవాళ్లతో కూడా నాకు పేచీయే. ఆయన సంతాప సభలో ఒకాయన మైకు పట్టుకుని, "ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవారు" అన్నాడు. నేను ఆ మనిషితో ఒకే బస్సులో నెలల తరబడి తిరిగాను. ఆయనకు ముందు పళ్లు ఉన్నాయో లేవో కూడా చెప్పలేను. కిటికీ సీటు ఎవరికీ ఇచ్చేవారు కాదు. పల్లీల పొట్లం విప్పితే పక్కవాళ్లకు ఒక గింజ పెట్టేవారు కాదు. పిల్లల్లో ఎవరు బాగా ఆడినా, "నిన్న గింత కూడ ఆడలేదు నువ్వు" అనడమే ఆయన మెచ్చుకోలు.

గద్వాలలో పుట్టి, హైదరాబాదులో ఒక ఆఫీసు టీముకు ఆడి, మోకాలు పాడయ్యాక అదే ఆఫీసులో గుమాస్తాగా కొన్నేళ్లు చేసి, ముందుగానే ఉద్యోగం వదులుకుని ఊరికి వచ్చారు. అప్పటికి మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు కొన ఊపిరితో ఉంది. వనపర్తితో ఆడినా, నాగర్‌కర్నూల్‌తో ఆడినా ఓటమే. కొన్నిసార్లు పదకొండు మంది కూడా కుదిరేవారు కాదు. నేను గట్టు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేదాన్ని. నా దగ్గర చదివిన పిల్లలు ఆ క్లబ్బులో ఆడేవారు. ప్రాక్టీసుకు రావడం లేదని వాళ్ల పేర్లు కొట్టేయబోతున్నారని తెలిసి, తగువుకే వెళ్లాను క్లబ్బు మీటింగుకు.

క్లబ్బు అధ్యక్షుడికి రైస్ మిల్లు ఉంది. ఆయన అప్పటికే నిర్ణయం చేసుకుని వచ్చాడు. "ప్లేయర్లు రారు, గెలుపు రాదు, చందా రాదు. ఈ సీజన్ల ఒక్క మ్యాచన్న గెల్వకుంటె తాళమేసుడే" అన్నాడు. నేను లేచాను. పల్లె పిల్లల హక్కులు, పట్నం వాళ్ల నిర్లక్ష్యం, సమాన అవకాశం అంటూ క్లాసులో చెప్పేదంతా అక్కడ కుమ్మరించాను. చప్పట్లు కూడా కొట్టారు. మూలన కుర్చీలో మోకాలు చాపుకుని కూర్చున్న రవూఫ్ సార్ నా వైపు తిరిగి, "ఆ పిల్లలకు ఏ టైముల ఖాళీ ఉంటది మేడం?" అని అడిగారు.

"తెల్వదు."

"తెల్వదా? మరి గింతసేపు ఏం మాట్లాడిన్రు?"

ఒళ్లు మండింది. కూర్చున్నాను. ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో ఆ సాయంత్రమే ఆయన్ని మేనేజరును చేశారు. మర్నాడు పొద్దున గట్టు బస్సు ఎక్కేసరికి కిటికీ పక్కన ఆయన ఉన్నారు, ఉల్లిగడ్డల జాలీ సంచిలో రెండు అతుకుల బంతులతో. "చలో మేడం, అడుగుదం" అన్నారు.

అడగడానికి వెళ్లింది హనుమంతు చేనుకు. కౌలు నేలలో ఆయన సీడు పత్తి వేశాడు. విత్తన కంపెనీ కోసం పండించే సీడు పత్తి మామూలు పత్తి లాంటిది కాదు. మర్నాడు విచ్చబోయే మొగ్గల్ని సాయంత్రం పూట ఆడ మొక్కల మీద వెతికి, గోటితో ఒలిచి, లోపలి కేసరాలు తీసెయ్యాలి. పొద్దున మగ మొక్కల పువ్వులు తెచ్చి వాటికి రుద్దాలి. మా దగ్గర దీన్ని క్రాసింగు అంటారు. ఒక్క పూట మానినా ఆ మొగ్గలు తమంతట తామే కాయలవుతాయి, విత్తనం కల్తీ అయిందని కంపెనీ వాళ్లు మొత్తం పంటనే వెనక్కి కొడతారు. వానాకాలం నడుమ నుంచి దసరా దాటేదాకా ఇంటిల్లిపాదికీ ఇదే పని. ఫుట్‌బాల్ సీజనూ సరిగ్గా అప్పుడే.

హనుమంతు మమ్మల్ని చేను ఒడ్డునే నిలబెట్టాడు. "మాపటికి మొగ్గ గిల్లాలె సారు, పొద్దుగాల పువ్వు రుద్దాలె. నా కొడుకు మీ గద్వాలకొచ్చి బంతి తన్నుకుంట కూసుంటె నా సీడు ఎవరు చేస్తరు? ఈ మేడం చేస్తదా?"

"మేడం మాటలు చేస్తది, చేను చెయ్యదు" అన్నారు రవూఫ్ సార్. "నడుమల ఏముంటది?"

"నడుమలనా? ఎండ ఉంటది. అన్నం తిని జర నడుం వాలుస్తం."

"ఆ ఎండ మాకియ్యి."

హనుమంతు ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత పసుపు పుప్పొడి అంటిన చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "తీస్కపో సారు. దానికి కౌలు గిట్ల ఏం లేదు." వెనక సాలులో పువ్వులు రుద్దుతున్న తిమ్మప్ప తల ఎత్తకుండా అంతా విన్నాడు. ఇరవై ఏళ్లవాడు. చదువుకునేటప్పుడు నా క్లాసులో వెనక బెంచీ. ప్రాథమిక హక్కులు చెప్పమంటే నవ్వేవాడు, చెప్పేవాడు కాదు. బంతి కాలికి తగిలితే మాత్రం వేరే మనిషి.

అలా గద్వాల క్లబ్బు ప్రాక్టీసు గట్టులో మా కాలేజీ పక్కనున్న స్కూలు మైదానానికి మారింది. జట్టులో సగానికి పైగా ఆ చుట్టుపక్కల పిల్లలే. గద్వాల పిల్లలు గొణుక్కుంటూ మా బస్సులోనే వచ్చేవారు. డబ్బు లేదు కాబట్టి గోలు స్తంభాలు కూడా లేవు. నీళ్లు పడని బోర్ల నుంచి లాగేసిన కేసింగు పైపులు ఎవరి దొడ్లో చూసినా ఉంటాయి మా వైపు. రవూఫ్ సార్ ఇల్లిల్లూ తిరిగి వాటినే అడిగి తెచ్చి పాతించారు. ఇచ్చిన ముసలాయన ఒకరు, "దీంట్లకెల్లి నీళ్లయితె రాలే, గోల్ అన్న రానీ" అన్నాడు. పొద్దుటి క్రాసింగు ముగించుకుని పిల్లలు వచ్చేవారు, మళ్లీ మొగ్గల వేళకు చేలకు పోయేవారు. లంచ్ బెల్లు కొట్టగానే నేను టిఫిన్ డబ్బాతో మైదానం అంచున వేప చెట్టు కిందికి చేరేదాన్ని. మోకాలు నొప్పితో కుంటుకుంటూనే ఆయనా ఆ ఎండలో వాళ్లతో పాటు నిలబడేవారు. రోజాల నెలలో కూడా అంతే, చుక్క నీళ్లు లేకుండా.

మొదటి వారంలోనే ఒక పిల్లవాడు పొద్దున చేనుకు మందు చల్లి, అదే చొక్కాతో వచ్చి ఆడి, వాంతులు చేసుకున్నాడు. మర్నాటి నుంచి ఆయన ఒక కట్టుబాటు పెట్టారు. ఆటకు ముందు అందర్నీ వరసలో నిలబెట్టి, దగ్గరికి జరిగి చొక్కా వాసన చూస్తూ ఒక్కొక్కణ్ణీ అడిగేవారు: "పొద్దుగాల పంపు ఎత్తినవా?" ఎత్తినవాడు ఆ రోజు బంతి ముట్టడానికి లేదు. ఒళ్లు కడుక్కుని వచ్చి వేప చెట్టు కింద నా పక్కన కూర్చోవాలి. ఎంత బతిమాలినా వినేవారు కాదు. తిమ్మప్ప ఒకసారి అలా కూర్చుని, "మేడం, మీ హక్కులల్ల ఆడుకునే హక్కు లేదా?" అని గడ్డి పీకుతూ అడిగాడు.

బస్సులో నేను కండక్టరుతో చిల్లర కోసం, పక్కవాళ్లతో సీటు కోసం పెట్టుకునే తగాదాలన్నీ ఆయన వింటూ ఉండేవారు. ఒక రోజు అన్నారు, "మీరు గెలవనీకె మాట్లాడతరు మేడం. గెలుస్తరు గూడ. పని మాత్రం గాదు." నేను నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు కూడా లేదు. ఆ తర్వాత కాలేజీలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి తలుపు కోసం పోరాడినప్పుడు, మొదటిసారి ఉపన్యాసం మానేసి, వడ్రంగి ఎప్పుడు ఖాళీ అని అడిగాను. తలుపు వచ్చింది. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.

నాగర్‌కర్నూల్ మ్యాచికి నేనూ వెళ్లాను. మా పిల్లల గోళ్ల చుట్టూ పత్తి మరకలు చూసి అక్కడి కుర్రాళ్లు ఆటపట్టించారు. "ఏయ్ పత్తి టీమ్! మొగ్గలు గిల్లుడు అయిపోయిందా?"

"మాయి అయిపోయినయన్నా, ఇగ మీయి గిల్లాలె" అన్నాడు తిమ్మప్ప. అన్నట్టే ఒక గోలు కొట్టాడు. చివర్లో వాళ్లూ ఒకటి కొట్టి సమం చేశారు. ఓడిపోకుండా తిరిగి రావడం మా వాళ్లకు అదే మొదలు. బస్సులో పిల్లలు సీట్ల మీద దరువేస్తుంటే రవూఫ్ సార్ ముందుకు వంగి తిమ్మప్పను అడిగిన మాట ఇదీ: "రెండో హాఫ్‌ల ఎందుకు నడిచినవ్ రా?"

ఇక మిగిలింది వనపర్తితో ఆదివారం మ్యాచి. అది గెలిస్తే క్లబ్బు ఉంటుంది, లేకపోతే తాళం. ఆ వారమే చేలకు ఆకుల రసం పీల్చే దోమ పట్టింది. ఎక్కడ చూసినా వీపు మీద పంపులే. సోమవారం నుంచి రోజురోజుకూ వేప చెట్టు కింద జనం పెరిగారు. ఒక రోజైతే సగం జట్టు నా పక్కనే ఉంది. అధ్యక్షుడు రవూఫ్ సార్‌కు ఫోను చేసి, "టీము దించుతరా, లేకుంటె ఇప్పుడే చెప్తరా?" అని గద్దించాడట. గురువారం పొద్దున బస్సులో రవూఫ్ సార్ బంతుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పల్లీలు కూడా కొనలేదు.

ఆ మధ్యాహ్నం లంచ్ బెల్లు తర్వాత నేను వెళ్లేసరికి ఆట మొదలైపోయింది. వేప చెట్టు కింద ఒక్కరూ లేరు. అంతా మైదానంలోనే ఉన్నారు, తిమ్మప్పతో సహా.

అతను పరుగు ఆపి పైపుకు ఆనుకోవడం చూశాను. "సార్, మసక మసక అయితుంది" అన్నాడు. నోటి నుంచి చొంగ కారుతోంది, ఆపుకోలేకపోతున్నాడు. ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది, కండరాలు చర్మం కింద పురుగుల్లా కదులుతున్నాయి. ఆటోలో ఎక్కించి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. కనుపాపలు ఆవగింజలంతే ఉన్నాయి. ఇందాక బస్సులో గొంతులోకి దిగిందని చెప్పానే, ఆ వాసన అతని చొక్కా నిండా ఉంది. ఎండదెబ్బ తగిలినవాళ్లను నేను మా ఇంట్లోనే చూశాను. ఇది అది కాదు. గద్వాల దవాఖాన గేటు ఇంకా కనబడకముందే ఊపిరి ఆగిపోయింది.

హనుమంతు బైకు మీద ఎవరి వెనకనో కూర్చుని వచ్చాడు. వేళ్లు ఇంకా పసుపుగానే ఉన్నాయి. "ఏమైంది సారు? పొద్దుగాల మంచిగనే ఉండె. నేనే..." అంటూ ఆగిపోయాడు.

ఆ 'నేనే' తర్వాత పంపు ఎత్తించిన మాటే ఉందని నాకు తెలుసు. నోరు తెరిచాను. రవూఫ్ సార్ నా మణికట్టు పట్టుకున్నారు. అంతకు ముందు ఎన్నడూ నన్ను తాకని మనిషి. "జర ఊకోండి మేడం" అని, హనుమంతు వైపు తిరిగారు. "ఎండ కొట్టింది హనుమంతన్నా. నేను ఉరికిచ్చిన. శానసేపు ఉరికిచ్చిన."

హనుమంతు ఆయన కాలర్ పట్టుకుని చెంప మీద కొట్టాడు. ఆయన చేతులు ఎత్తలేదు. డాక్టరుతోనూ అదే చెప్పారు. పోస్టుమార్టం అంటూ పిల్లవాణ్ణి కోయించొద్దని హనుమంతు డాక్టరు కాళ్లు పట్టుకున్నాడు. ఆ రాత్రే తీసుకుపోయారు. ఆదివారం వనపర్తికి ఎవరూ వెళ్లలేదు. అధ్యక్షుడు తాళం వేయించాడు. ఆ తాళం ఇప్పటికీ ఉంది.

తర్వాత కూడా చాలా రోజులు రవూఫ్ సార్ అదే బస్సులో గట్టుకు వచ్చేవారు. హనుమంతు ఇంటి ముందు కాసేపు నిలబడేవారు. హనుమంతు తిట్టేవాడు. తిట్లు విని తిరుగు బస్సు ఎక్కేవారు. ఒక సాయంత్రం ఉండబట్టలేక, "చెయ్యని తప్పు నెత్తిన ఎందుకు పెట్టుకున్నరు?" అని అడిగాను.

"ఆయన రేపు మళ్ల అదే పంపు వీపుకు ఎత్తుకోవాలె మేడం. లేకుంటె బతుకుడు లేదు. నేను ఎత్తుకునేదేముంది, తిట్లే గద?"

నాకు అప్పుడే ఇంకో ప్రశ్న గొంతుదాకా వచ్చింది. ఎవరి మీదైనా అరవగలిగే నేను ఆ ప్రశ్నను చాలా మెల్లగా అడిగాను. ఆయన నా వైపు చూశారు. కిటికీ వైపు తిరిగారు. గద్వాల వచ్చేదాకా అలాగే కూర్చుని, మోకాలు పట్టుకుని దిగిపోయారు. ఆ తర్వాత ఆయన గట్టు బస్సు ఎక్కలేదు.

నేను ఇప్పటికీ ఆ కాలేజీలోనే ఉన్నాను. ఆటల పీరియడుకు పోయే పిల్లల్ని గేటు దగ్గర ఆపి ఒక్కొక్కర్నీ ఆయన అడిగిన ప్రశ్నే అడుగుతాను. కొత్తగా వచ్చిన ఆటల సారుకు ఇది నా చాదస్తం. "లేదు మేడం" అంటారు పిల్లలు, కళ్లలోకి చూసి, తడుముకోకుండా. దగ్గరికి జరిగితే కొందరి చొక్కాలు వేరే మాట చెబుతాయి. ఆడాలని ఉన్నవాడికి ఆ అబద్ధం ఎంత తేలికో రోజూ చూస్తున్నాను. అంత తేలికని చూసిన కొద్దీ ఆ గురువారం సంగతిలో రవూఫ్ సార్ మీద నాకు సగం నమ్మకం పెరుగుతుంది, సగం తరుగుతుంది. దగ్గరికి జరిగి చూడటం నాకు నేర్పింది ఆయనే కదా. ఆ రోజు మీరు అడిగారా సార్? అడిగితే వాడు లేదన్నాడా, లేక ఆదివారం దగ్గరికి వచ్చిందని మీరే అడగడం మానేశారా?