ఇత్తడి డబ్బాలో ఖమీరు

ఈ ఉదయం మా వంటింటి బల్ల మీద ఉన్నవి: మూత వదులుగా పెట్టిన గాజు సీసా, గ్రాములు చూపించే చిన్న కాటా, పొడవాటి ముల్లున్న థర్మామీటరు, పిండి గీకే రేకు, పేము బుట్ట, పుల్లకు తగిలించిన బ్లేడు, మూతతో సహా బరువైన ఇనుప కుండ. మనుషుల్లో ఉన్నది నేనొక్కణ్ణే. సీసా, కాటా పై వాటాలో అద్దెకుండే బ్యాంకు అమ్మాయివి. అక్క పెళ్లికని ఊరెళుతూ, సీసాలో పులుస్తున్న పిండిని రోజూ సగం తీసేసి, ముప్పై గ్రాముల పిండీ ముప్పై గ్రాముల నీళ్లూ వేయమని నాకు అప్పగించి పోయింది. రొట్టె పొంగడానికి అదే ఆధారమట. మిగిలిన ఐదు వస్తువులూ ఆమె పోయాక పార్సెల్లో వచ్చాయి. విప్పి, అన్నీ ఉన్నాయో లేదో చూడమని ఫోను చేసింది. చూశాను, ఉన్నాయి. చూసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఎందుకంటే ఇదే పనిని, ఈ ప్రొద్దుటూరికి గంట ప్రయాణంలో ఉన్న జమ్మలమడుగులో, అరవై ఏళ్ల పైమాట, ఒకాయన నాకు అప్పగించి పోయాడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన కొత్తల్లో నేను డిప్లొమా పూర్తి చేసి జమ్మలమడుగులో ఓవర్సీరుగా చేరాను. ఒక ముసలావిడ ఇంట్లో ముందరి గది అద్దెకు తీసుకున్నాను. పగలంతా టేపూ, లెవెలూ పట్టుకుని పెన్న ఒడ్డున తిరిగేవాణ్ణి. కూలీలు సారూ అనేవాళ్లు, ఆఫీసులో గుమాస్తాలు ఓవర్సీరుగారూ అనేవాళ్లు, పేరు పెట్టి పిలిచేవాళ్లు మాత్రం ఊళ్లో ఒక్కరూ లేరు. సాయంత్రం ఆరు దాటితే నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రొట్టె అంటే జ్వరమొచ్చిన వాళ్లు పాలలో ముంచుకుని తినే వస్తువు. నాకూ జ్వరమొచ్చింది, రొట్టె తినమన్నారు, దాంతో ఆస్పత్రి వీధి చివర రొట్టెలు కాల్చే మామ పరిచయమయ్యాడు.

ఆయన సాయిబు. భార్య పోయింది, ఒక్క కూతురు, పులివెందులలో కాపురం. చిన్నప్పుడు దొరల ఇళ్లలో వంట చేసి రొట్టె నేర్చుకున్నాడట. పిండి పొంగడానికి మామూలుగా కల్లు కలుపుతారు గాని, మా జిల్లాలో మద్యనిషేధం ఉండేది కాబట్టి ఆయన పులిసిన పిండినే ఒక మట్టికుండలో ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చాడు. దాన్ని ఖమీరు అనేవాడు. ఆయన సామానంతా కలిపి ఆ కుండ, కొలతకు ఒక టెంకాయ చిప్ప, తడిగుడ్డ, పిండి ముద్ద మీద గాటు పెట్టడానికి గడ్డం గీసుకున్నాక మిగిలిన బ్లేడు, మట్టి మెత్తి పైనా కిందా నిప్పులు పోసే కిరసనాయిలు డబ్బా. జ్వరం తగ్గినా నేను రోజూ సాయంత్రం ఆయన అరుగు మీదికి చేరేవాణ్ణి. పిండి పిసకడం నేర్చుకున్నాను. నిజానికి నేర్చుకోవలసినంత ఆకలేమీ లేదు, పక్కన ఒక మనిషి కూర్చుని మాట్లాడుతుంటే వినడం కోసమే వెళ్లేవాణ్ణి.

కాని చదువుకున్న బుద్ధి ఊరుకోదు కదా. చిప్ప కొలత నాకు నచ్చక, ఒక ఆదివారం బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చి తక్కెడ, తూకపు రాళ్లు, మందుల షాపులో థర్మామీటరు కొన్నాను. దాన్ని పిండిలో గుచ్చి గడియారం చూస్తుంటే మామ కడుపు పట్టుకుని నవ్వాడు.

"జొరమొచ్చిన మనిషి నోట్లో పెట్టేది పిండిలో పెడతాండావేందప్పా? దానికేమన్నా టైఫాయిడా?"

ఆ ఎండాకాలం కూతురి కాన్పుకని ఆయన నెల రోజులు పులివెందుల పోవలసి వచ్చింది. తల్లి లేని బిడ్డ, పోక తప్పదు. కుండ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "నీ తక్కెడలతో దాన్ని సతాయించొద్దప్పా. ఒక చిప్ప పిండి, ఒక చిప్ప నీళ్లు. ఒక పూట తప్పితే అలుగుతాది గాని సావదు. కుండ మాత్రం కడగొద్దు." అది పోతే ఆయనకు బతుకుదెరువు లేదని ఇద్దరికీ తెలుసు.

వారం రోజులు సరిగ్గానే చేశాను. అయితే పిండి ఎంత పొంగుతోందో లెక్క తేలడం లేదు. కుండ కడుపు వెడల్పు, మూతి ఇరుకు, లోపల చీకటి. అందుకని మళ్లీ ప్రొద్దుటూరు వచ్చి నిటారుగా ఉండే ఇత్తడి డబ్బా ఒకటి కొని, లోపల పావు అంగుళానికొక గీత గీసి, ఖమీరును అందులోకి మార్చాను. ఖాళీ అయిన కుండను బావి దగ్గర బూడిద వేసి తోమాను. కడగవద్దన్నది ఖమీరు ఉన్నప్పటి మాట, ఇప్పుడు అందులో లేదు కదా అని నా వాదన. మూడో రోజుకు డబ్బా అంచుల వెంట పచ్చటి చిలుము తేలింది. పిండి కదలడం మానేసింది. ఇంటి అవ్వ తొంగి చూసి ముక్కు మూసుకుంది.

"పులుపు తీసకపోయి ఇత్తట్లో పోస్తారంట్రా నాయనా? దానికి కళాయన్నా లేదు. మజ్జిగ కూడా పొయ్యరే అందులో. ఏం సదువు సదివినావురా నువ్వు!"

లోపల తగరం పూత లేని ఇత్తడి పులుపును విషం చేస్తుందని ఆ వీధిలో ఆడపిల్లలందరికీ తెలుసు. ఇనుము తుప్పు గురించి పరీక్షలో రెండు పేజీలు రాసి పాసయిన నాకు తెలియలేదు. కుండ గోడలకు పట్టిన పాత పిండి మిగిలుంటే మళ్లీ మొలకెత్తించవచ్చునని అవ్వ అంది. అది నా చేత్తోనే తోమేశాను.

చివరకు ఆవిడే జాలిపడి, సంగటికని గంజి పులియబెట్టి ఉంచుకున్న కలినీళ్లు గరిటెడు ఇచ్చింది. కుండలో ఆ నీళ్లు, పిండి కలిపి పెట్టాను. ఐదో రోజుకు బుడగలు వచ్చాయి, పదో రోజుకు పొంగింది. బతికిపోయాననుకున్నాను. మామ తిరిగొచ్చి, మనవడు పుట్టాడని నా నోట్లో బెల్లం ముక్క పెట్టి, కుండ మూత తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"నీళ్లేమన్నా మార్చినావాప్పా?"

"లేదు మామా," అన్నాను.

ఆయన మూత పెట్టి కుండ చంకన పెట్టుకున్నాడు. ఆ పిండితోనే రొట్టె కాల్చాడు, బాగానే పొంగింది, జనం కొన్నారు. మొదటి రొట్టె ఎప్పటిలాగే నాకు ఇచ్చాడు. నేను తిన్నాను. రుచి వేరు. ఆయన నా ముఖం చూస్తున్నాడు, చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు, చెప్పలేదు. ఆ తర్వాత ఆయన నన్ను రమ్మనడం మానలేదు, నేనే వెళ్లడం తగ్గించాను. రోజూ అన్నది వారానికొకసారి అయింది, తర్వాత అదీ లేదు. మళ్లీ నా సాయంత్రాలు గదిలో గోడ వైపు చూస్తూ గడిచాయి, ఈసారి తప్పు ఊరిది కాదు. నాకు బదిలీ అయ్యేనాటికి ఆయన కూతురి దగ్గరకే వెళ్లిపోయాడని తెలిసింది. రెండేళ్ల తర్వాత పని మీద పోతూ పులివెందుల బస్టాండులో దిగాను, కూతురి ఇల్లున్న వీధి అడిగి తెలుసుకున్నాను కూడా. కాసేపు నిలబడి మళ్లీ అదే బస్సెక్కాను.

ఇప్పుడు అన్నీ సులువు. సామాను ఇంటికొస్తుంది, కాటా తప్పు చెప్పదు, గాజు సీసా కాబట్టి పొంగు ఎంతో బయటి నుంచే కనిపిస్తుంది, గీతలు కూడా వాళ్లే వేసి పంపుతున్నారు. మామ చూస్తే ఎన్ని మాటలు పుట్టించి నవ్వేవాడో. ఆయనకు చెప్పవలసిన మాట మాత్రం చెప్పడానికి ఆయన లేడు, ఆ కుండ వాసన తెలిసిన మనిషి భూమ్మీద నేను తప్ప మరొకరు ఉన్నట్టూ లేదు.

అమ్మాయి రేపు వస్తుంది. ఆరో రోజున నేను పూర్తిగా మరిచిపోయాను. పిండి అలగనైనా లేదు, చూసి ఎవరూ కనిపెట్టలేరు. అయినా తేదీల వారీగా చీటీ రాసి, ఆరో రోజుకు ఎదురుగా 'వేయలేదు' అని రాసి, సీసా కింద పెట్టాను. రోజులు తొమ్మిది. పిండి వేసింది ఎనిమిది సార్లు.