మామకు దొరికిన రెండో జబ్బు

పోయిన ఆదివారం పొద్దున మా మామ చనిపోయాడు. అమ్మకు సొంత తమ్ముడు. ఫోను పెట్టేసి అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని, "ఇన్నేండ్లు మన మధ్య ఉన్నాడంటే అదే గొప్పలేమ్మా" అంది.

మామ బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. పంతొమ్మిదివందల తొంభైల్లో మా అవ్వ, అమ్మ వాళ్లమ్మ, కిడ్నీల నిండా నీటి బుడగలు లేచి చనిపోయింది. అది వంశంలో వచ్చే జబ్బని అప్పుడే తెలిసింది. తర్వాత మామకూ ఉందన్నారు. అందుకే కొన్నేళ్లకు ఆయన కాళ్లు వాచి, మూత్రం రావడం ఆగిపోయి, డయాలసిస్‌కు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఎవరం ఆశ్చర్యపోలేదు. అవ్వ దారే అనుకున్నాం.

ఒక్క డాక్టరమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. మొన్నటిదాకా బాగానే ఉన్న కిడ్నీలు ఇంత తొందరగా ఎందుకు చెడ్డాయి? ఈ నడుం నొప్పి ఏమిటి? ఎముక మూలుగ పరీక్ష చేయిస్తే రక్త క్యాన్సరని తేలింది. కిడ్నీలను ఉన్నట్టుండి దెబ్బతీసింది అదేనట.

అత్త పాత రిపోర్టులు తీసి, మళ్లీ చూడమంది. మామ మాత్రం, "దీనికి మందుండాదా తల్లీ?" అని డాక్టరమ్మను అడిగాడు.

"ఉంది. కిడ్నీలూ కొంత తేరుకోవచ్చు. కానీ మాట ఇవ్వలేను."

"మా అమ్మ జబ్బుకు మందే లేకపాయె. దీనికుండాది. సాకు" అని కన్నడంలో ముగించాడు. చాలు అని.

ఆ మందులకు వేళ్లు మొద్దుబారి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. అత్త పెడుతుంటే, "పెండ్లినాడు కూడా ఇంత దగ్గరగా నిలబడలేదు గదే నువ్వు" అని ఏడిపించేవాడు.

కొన్ని నెలలకు ఒక పొద్దున బాత్‌రూంలోంచి కేక: "ఏమే, ఉచ్చ వచ్చిందే! నిండుగా వచ్చిందే!" అత్త పక్కిళ్లకు మైసూర్‌పాకు పంచింది. ఎందుకని అడిగితే చెప్పడానికి సిగ్గుపడి, "మంచి వార్తలెండి" అంది. డయాలసిస్ మెల్లగా తగ్గి, ఆగిపోయింది. మామ మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లాడు, ఈసారి స్టోర్స్‌లో కూర్చుని చేసే పనికి. కూతురి పెళ్లి దగ్గరుండి చేశాడు. చివరికి క్యాన్సర్ తిరగబెట్టింది, ఈసారి మందులు పనిచేయలేదు.

కానీ ఆ మంచి ఏళ్లలోనే ఒకరోజు అమ్మనూ నన్నూ కిడ్నీల స్కానింగుకు లాక్కెళ్లాడు. "తెలిస్తే ఏదో ఒకటి చేసుకోవచ్చు. తెలీకపోతేనేనప్పా భయం" అన్నాడు. నాకు అవ్వ జబ్బు లేదన్నారు. అమ్మకు ఉంది. ఆనాటినుంచి బీపీ మాత్ర మరవకుండా వేసుకుంటోంది. ఈరోజుకీ ఆమె కిడ్నీలు బాగానే పనిచేస్తున్నాయి.

ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ అమ్మ బెదిరిపోయి ఉంది. మామ ఆమె చెయ్యి పట్టుకొని, "రాక్కా, ఆకలేస్తాంది" అన్నాడు. మసాలా దోసె తినాలా, సెట్ దోసె తినాలా అని వాదులాడుకుంటూ, నన్ను వెనకే మరిచిపోయి, అక్కాతమ్ముళ్లిద్దరూ ఎండలో రోడ్డు దాటుతున్నారు.