సంచుల దగ్గర మనిషి

ఎండాకాలం సెలవులొస్తే ఆత్మకూరులో మా ఇల్లు సత్రమైపోతుంది. హైదరాబాదు నుంచి మా ఆడబిడ్డ, బెంగుళూరు నుంచి మా మరిది, పిల్లాజెల్లాతో దిగుతారు. తిరగడానికి మా ఇంటికంటే వీలైన చోటు వాళ్లకు లేదు. ఒకరోజు ఉదయగిరి దుర్గం, ఒకరోజు పెంచలకోన అడవి, ఒక సాయంత్రం సోమశిల, చివరికి మైపాడు సముద్రం. ఎక్కడికి పోయినా రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. లాడ్జీలో దిగుతామంటే మావారికి తల కొట్టేసినట్టుంటుంది. తప్పేం లేదు. ఆ సత్రంలో వండేది మాత్రం ఆయన కాదు.

పెళ్లయి ఇరవై ఏళ్లు దాటేదాకా నేను సముద్రం చూడలేదంటే ఎవరూ నమ్మరు. రెండు మూడు గంటల దారే. కానీ మాకొక బర్రె ఉండేది. నా చెయ్యి తప్ప మరో చెయ్యి పడితే పాలు చేపేది కాదు. పొద్దునా సాయంత్రం నేను ఉండాల్సిందే. బర్రెను గుంజకు కట్టేశామని అందరూ అనుకునేవాళ్లు. నన్ను బర్రెకు కట్టేశారని నాకు తెలుసు.

పిలవరని కాదు. పిలుస్తారు. చెప్పులు వేసుకుని, బండెక్కి, అద్దం దించి మరీ పిలుస్తారు.

"నువ్వు గూడా వచ్చుంటే బాగుండు గదా వదినా!"

"పోయి రాండి" అనేదాన్ని. కోడి కూయకముందే లేచి కలిపిన పులిహోర అప్పటికి వాళ్ల ఒళ్లో వెచ్చగా ఉండేది. వాళ్లు పోయాక ఇంటినిండా తడి తువ్వాళ్లు. అవి పిండి ఆరేస్తూ ఒక్కోసారి ఏడ్చేదాన్ని, ఒక్కోసారి అందరినీ కలిపి తిట్టేదాన్ని. బర్రె నెమరేస్తూ వినేది.

అన్నిటికంటే ఒళ్లు మండేది వాళ్లు ఉదయగిరి పోయొచ్చిన రోజు. నేను పుట్టి పెరిగింది ఆ కొండ కిందే. సీతాఫలాల కోసం ఎన్నిసార్లు ఎక్కి దిగానో. మా మరిది వంటింట్లోకి వచ్చి ఫోను నా మొహం ముందు పెడతాడు.

"చూడు వదినా, పైనించి ఊరు ఎట్ల కనపడతా ఉండాదో!"

మా ఊరిని నాకే చూపిస్తాడు. దోసె తిరగేస్తూ బాగుందని తలూపేదాన్ని.

పోయిన ఎండాకాలానికి ముందు బర్రె ఒట్టిపోయింది. అమ్మేశాం. ఇంకొకటి తెస్తానన్నారు మావారు. "తెస్తే మీరే పిండుకోండి" అన్నాను. నా మొహం చూసి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సముద్రానికి పోయే రోజు ఇంటికి తాళమేసి నేనూ బండెక్కాను. చివరి సీట్లో, అన్నం గిన్నెలు కాళ్ల మధ్య పెట్టుకుని. నెల్లూరు దాటి కొంత దూరం పోయాక గాలి మారింది. నా సంతోషం చూసి నాకే సిగ్గేసింది.

మైపాడులో బండి ఆగీ ఆగకముందే అందరూ దూకారు. నేను గిన్నెలు దించుకుని సరుగుడు చెట్ల నీడకు చేరేసరికి దుప్పటి పరిచి ఉంది. దాని మీద సంచులు, చెప్పులు, వాచీలు, ఫోన్లు. ఆడబిడ్డ మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టింది.

"రోంత చూస్తా ఉండు వదినా. ఎవుర్నీ నమ్మేదానికి లేదు. ఇట్ల పోయి అట్ల వస్తాం."

ఇట్ల పోయినవాళ్లు అట్ల రాలేదు. వాళ్ల వీపుల సందుల్లోంచి నురుగు కాస్త తెల్లగా కనబడుతోంది. కుక్కొచ్చి గిన్నె వాసన చూసింది, తరిమాను. పిల్లలు నీళ్ల సీసాకు వచ్చారు, ఇచ్చాను. ఇంట్లో కూర్చున్నా ఇంతేగా అనిపించింది.

కాసేపటికి మావారు తడిసిన బనీనుతో వచ్చారు.

"ఎట్లుండాది సముద్రం?"

"మీరు కూర్చోండి. నేను పోయొస్తాను."

"ఒళ్లంతా ఇసకుండాది. కడుక్కోనొస్తా, ఉండు" అని వెళ్లి మళ్లీ నీళ్లలోనే కలిసిపోయారు.

అప్పుడు లేచాను. గొలుసు బంగారం కాబట్టి నా మెడలో వేసుకున్నాను. మిగిలినవన్నీ దుప్పటి మీదే వదిలేసి నడిచాను. ఇసక కాలుతోంది. మొదటి అల పాదాల మీదికి రాగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కాళ్ల కింద ఇసక అట్లా జారిపోతుందని ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

ముందు నన్ను చూసింది మా మరిది.

"వదినా! ఫోన్ల కాడ ఎవురుండారు?"

"ఎవురూ లేరు" అన్నాను.

మరిది కేక పెట్టాడు. అందరూ నీళ్లలోంచి బయటపడి నా పక్కనుంచే పరిగెత్తారు. ఎవరి భుజమో తగిలి తూలాను. ఆడబిడ్డ ఒక్కతే నా ముందు ఆగి మెడ వైపు చూసింది. గొలుసు కనబడగానే తనూ పరుగు తీసింది.

నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ల లోతుకు వెళ్లాను. వెనకాల సంచుల జిప్పులు లాగుతున్నారు, చెప్పులు జతలు కలుపుతున్నారు. తర్వాత మావారి గొంతు గట్టిగా వినిపించింది.

"అన్నీ ఉండాయిలే. ఏం పోలా."