గంట మీద గంట కలిపిన లెక్క

మా అత్త చనిపోయిన రోజు గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు టెంటు కింద కూర్చుని మా ఆయన, మరిది, నలుగురు కులపోళ్లు విమానం లెక్క వేశారు. వాళ్లలో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు.

కువైట్‌లో ఇళ్లల్లో వంట చేసే మా ఆడబిడ్డ మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. "టికెట్ దొరికింది వదినా. తెల్లారకముందే హైదరాబాద్‌ల దిగుత, పదింటికల్ల ఇంట్ల ఉంట. అమ్మ ముఖం చూసేదాంక ఉంచుండ్రి."

అంతకు ముందు ఏడాదే రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఆమె చెప్పిన టైములు క్యాలెండర్ అంచున రాసుకుని వెళ్లి చూపించాను.

"పంతులమ్మ అచ్చిందిరా," అన్నాడు మరిది. అందరూ నవ్వారు.

నెట్ సెంటర్ అతన్ని అడిగితే మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరమనీ, అయిదు గంటల్లోపే ప్రయాణమనీ చెప్పాడట. మా ఆయనకు అది చాలలేదు. "గది సక్కటి గీత. మలుపులుండయా?" అని గంట కలిపాడు. చెకింగులకని ఒకడు గంట కలిపాడు. అక్కడి గడియారం తేడా ఆమె టైముల్లోనే ఉందని నేను చెప్పినా, మరిది దాన్ని మళ్లీ కలిపాడు. తెలంగాణ కోసం రాస్తారోకోలు జరుగుతున్న రోజులవి. మర్నాటికి ఎవరూ పిలుపివ్వకపోయినా దానికీ రెండు గంటలు పడ్డాయి. వేలంపాట పెంచుతున్నట్టు పెంచి ఆమె వచ్చే టైమును సాయంత్రం దాకా తెచ్చారు.

"గప్పటిదాంక పీనుగు ఆగది. పొద్దున ఎనిమిదికే లేపుదాం," అన్నాడు మా ఆయన. సొంత తల్లిని అన్న మాట అది.

"ఐసుపెట్టె ఉన్నది గదయ్యా, ఎందుకాగది?" అన్నాను.

"అరబ్బోళ్ల ఇండ్లల్ల పాచిపని చేసేదాన్ని నలుగురి ముంగట ఎట్ల నిలవెడ్తం వదినా?" అన్నాడు మరిది మెల్లగా. అతను కాళ్లు చాపుకున్న గచ్చు ఆమె పంపిన డబ్బుతో వేయించిందే. మా ఆయన తల దించుకుని బీడీ ముట్టించాడు.

ఎనిమిదికి లేపారు. ఆడవాళ్లం గేటు దగ్గర ఆగిపోయాం.

పదికి ఇంకా కొంచెం ఉండగానే కారు వచ్చింది. ఖాళీ ఐసుపెట్టె చూసి ఆమె లోపలికి కూడా రాలేదు. ఇద్దరం ఆటో ఎక్కి గోదావరి ఒడ్డుకు వెళ్లాం. ఆడవాళ్లు అటు పోవద్దని వెనుక ఎవరో అరిచారు. చితి సగానికి పైగా కాలిపోయింది. చూడడానికి ముఖం లేదు.

అన్నదమ్ములు స్నానం చేసి తడి బట్టలతో ఎదురొచ్చారు. కల్లు వాసన గుప్పుమంది. "విమానం గింత జల్ది అస్తదని ఎవలకెరుక చెల్లె?" అంటూ మా ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు.

ఆమె పక్కకు జరిగింది. ఆ చెయ్యి నా వైపు తిరిగేలోపు నేనూ జరిగాను.