బావ ఎడమ కాలు

మా బావ దర్జీ. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే కుట్టు మిషను తొక్కాడు. మిషను ముందు లేకపోయినా ఎడమ కాలు ఊరుకునేది కాదు. భోజనానికి కూర్చున్నా, బస్సులో కూర్చున్నా దాని పని అది చేసుకుపోయేది. "మనిషి బద్ధకిస్తేనేం, కాలు సంపాదిస్తుంది" అని మా అక్క ఎగతాళి చేసేది.

మా బృందం పుట్టింది ఆయన ఇంటి ముందు గదిలో ఉన్న కుట్టు కొట్టులోనే. బావ డోలు, లెక్కల మాస్టారు వేణువు, నేను ఫిడేలు. పాడేవాళ్ళు లేరు. ముగ్గురిలో ఎవరు నోరు విప్పినా వినేవాళ్ళు లేచిపోతారు కాబట్టి వాద్యాలతోనే సరిపెట్టుకున్నాం. మేం వాయించేవి పూర్వం జనం పొలాల్లో, పడవల మీద, ఉయ్యాలల దగ్గర పాడుకున్న బాణీలు. వాటిని పోగుచేసింది బావే. కొలతలివ్వడానికి వచ్చిన మనిషికి కాస్త వయసుందనిపిస్తే చాలు, మెడ చుట్టూ టేపు పెట్టి, "మీ అమ్మగారు పని చేసుకుంటూ ఏం పాడుకునేవారండీ?" అని అడిగేవాడు. కూనిరాగం తీసేదాకా టేపు వదిలేవాడు కాదు. ఒక రిటైరైన జడ్జిగారు అలాగే మెడలో టేపుతో, అద్దంలో తనను తాను చూసుకుంటూ, వాళ్ళమ్మ జోలపాట మొత్తం వినిపించారు. ఆ చొక్కా మెడ వదులైంది. ఆయన అదే వేసుకు తిరిగారు.

నేను గడియారాలు బాగుచేస్తాను. రోజంతా వాటి మధ్యే ఉంటాను కాబట్టి లెక్క తప్పితే నాకు ఒళ్ళు మండుతుంది. బావతో నాకు ఇరవై ఏళ్ళుగా ఉన్న పేచీ అదే. వాయించేటప్పుడు ఎడమ కాలి చెప్పు విడిచి, మిషను కింద పరిచిన చెక్క మీద పాదంతో తాళం వేసేవాడు. మూడు దెబ్బలు సరిగ్గా పడేవి. నాలుగోది ఒక పిసరు ఆలస్యం.

"బావా, నీ నాలుగోది కుంటుతోంది" అనేవాణ్ణి.

"కుంటడం కాదురా. వెనకబడ్డవాళ్ళు వచ్చి కలుస్తారని ఆగుతోంది" అనేవాడు.

మాస్టారు వేణువు తుడుచుకుంటూ నవ్వేవారు. పైకి ఎన్ని అన్నా, మేమిద్దరం ఆ పాదం చప్పుడు వెంటే నడిచేవాళ్ళం. అది లేకపోతే ఎవరి దారి వారిదే.

సాధన అయిపోగానే బావ కిందికి చూడకుండా కాలితోనే చెప్పు వెతుక్కునేవాడు. అదెప్పుడూ తిరగబడే ఉండేది. దాన్ని బొటనవేలితో సరిచేసుకునేటప్పుడు చెక్క మీద టప్, టప్‌మని రెండు చప్పుళ్ళు వచ్చేవి. ఆ వెంటనే వెనక వంటింట్లో అక్క స్టవ్ వెలిగించేది. తను ఒక్కనాడూ ముందు గదిలోకి వచ్చి కూర్చుని మా సంగీతం వినలేదు. "మీ గోల ఇక్కడికే బ్రహ్మాండంగా వినిపిస్తోంది" అనేది. బావకి చెప్పు దొరికితే మనకి టీ దొరికినట్టే అని మాస్టారు అంటుండేవారు.

కిందటేడు బావకి ఊపిరితిత్తుల జబ్బని తేలింది. డాక్టరు ఆరు నెలలన్నాడు. ఆ మాట బావే అక్కకి చెప్పి, మర్నాడు నా కొట్టుకొచ్చాడు. స్టూలు మీద కూర్చుని చాలాసేపు గోడ గడియారాలు చూశాడు.

"ఒరేయ్, మన బాణీలు రికార్డు చేయిద్దాం. ఊళ్ళోవాళ్ళ కోసం కాదు, మీ అక్క కోసం. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే అది తట్టుకోలేదురా" అన్నాడు.

స్టూడియో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద బావ నాలుగుసార్లు ఆగాడు. ఏసీ గదిలో చలేస్తుందని అక్క దుప్పటి ఇచ్చి పంపింది. మొదట జడ్జిగారి జోలపాట ఎక్కడా ఆగకుండా వాయించాం. బాగా వచ్చింది. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు, "కింద ఏదో చప్పుడు వస్తోందండీ, ఏంటది?" అన్నాడు.

బావ సిగ్గుపడి పాదాన్ని కుర్చీ కిందికి లాక్కున్నాడు. కాలు కదపకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. చేతులు నడవలేదు. డోలు ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు, ఇంకోసారి ఆగింది. అప్పుడు నాకు ఉపాయం తట్టింది. ఆయన భుజాల మీది దుప్పటి తీసి, నాలుగు మడతలు పెట్టి పాదం కింద పరిచాను. చప్పుడు పూర్తిగా పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"మొదటిది ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడిగాడు ఇంజనీరు.

"తీసేయండి" అన్నాను. బావ ఏదో అనబోయాడు, దగ్గు అడ్డొచ్చింది. తర్వాత మూడు గంటలు ఆ చలిలో దుప్పటి లేకుండా కూర్చుని పన్నెండు బాణీలూ పూర్తిచేశాడు.

నాలుగో నెలలోనే పోయాడు.

నెల గడిచాక ఒక సాయంత్రం రికార్డింగు, చిన్న స్పీకరు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. అప్పటికి నేను దాన్ని పదిసార్లు విన్నాను. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కింద ఆయన చెప్పులు అలాగే ఉన్నాయి. అక్కని కుర్చీలో కూర్చోమన్నాను.

"ఇక్కడ నేనెప్పుడు విన్నాన్రా? వంటింట్లోంచే వింటాను. నువ్వు పెట్టు" అని, జుట్టు సవరించుకుంటూ లోపలికి వెళ్ళింది.

పన్నెండూ అయ్యాయి. గది నిశ్శబ్దమైంది. కాసేపు కూర్చున్నాను. లోపల ఏ అలికిడీ లేదు. ఏడుస్తోందేమోనని వెళ్ళి చూశాను. పాలగిన్నె స్టవ్ మీద ఉంది. అక్క అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. స్టవ్ వెలిగించలేదు.

"అక్కా, అయిపోయింది."

"అయిపోయిందా? మాస్టారు వినిపించారు, నువ్వు వినిపించావు. ఆయనెప్పుడు వస్తారా అని చూస్తున్నా."

"ఆ డోలు బావదేగా."

"డోలు సంగతి నాకేం తెలుసురా. ఆయన కాలు ఏదీ?"

దుప్పటి గురించి చెప్పాను. తీసేయమన్నది నేనేనని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. అక్క అగ్గిపెట్టె గట్టు మీద పెట్టేసింది.

"దుప్పటి పంపింది నేనే కదరా" అంది.

అక్కడ నిలబడలేకపోయాను. ముందు గదిలోకి వచ్చి, బావ కుర్చీలో కూర్చుని, చెక్క మీద ఎడమ పాదంతో తాళం వేశాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాన్ని ఒక పిసరు ఆపాలని చూశాను. మళ్ళీ మొదటినుంచి వేశాను, మళ్ళీ వేశాను. ఎన్నిసార్లు వేసినా నాలుగోది సరిగ్గా సమయానికే పడింది.

"ఇక చాల్లేరా" అంది అక్క లోపలినుంచి.