పంజాగుట్టలో నా బుర్రకు శిక్షణ

ఐటీ బూమ్ ఊపు మీదున్న రోజుల్లో మధురానగర్‌లో హాస్టల్, అమీర్‌పేట మైత్రీవనంలో జావా కోర్సు, ఇదీ నా బతుకు. క్లాసులో ఏది అడిగినా టకటకా చెప్పేదాన్ని. ఇంటర్వ్యూలో ఎదురుగా ఓ మనిషి కూర్చుని నా ప్రాజెక్టు గురించే అడిగితే మాత్రం బుర్ర ఖాళీ అయిపోయేది. ఈ వేసవిలోగా ఉద్యోగం రాకపోతే భీమవరం వచ్చెయ్యమని నాన్నగారు తేల్చి చెప్పేశారు.

సరిగ్గా అప్పుడే పంజాగుట్టలో ఓ చీరల షాపు పైఅంతస్తులో బ్రెయిన్ ట్రైనింగ్ సెంటర్ వెలిసింది. న్యూరోఫీడ్‌బ్యాక్ అట. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఆత్మవిశ్వాసం, అన్నీ ఒకే కుర్చీలో దొరుకుతాయట. నేనూ మా రూమ్మేటూ వెళ్లి అమీర్‌పేట పద్ధతిలో గుచ్చి గుచ్చి అడిగాం. డెమో ఫ్రీయేనా, ఫాస్ట్‌ట్రాక్ ఉందా, ఆదివారం బ్యాచ్ ఉందా, మెటీరియల్ ఇస్తారా? మెదడుకి మెటీరియల్ ఏమిటో మాకే తెలియదు. అన్నీ ఉన్నాయన్నారు. ఇంకేం కావాలి, చేరిపోయాను.

తలకు నూనె రాసుకుని రావద్దన్నారు. నూనె లేకపోతే బుర్ర వేడెక్కుతుందని ఫోన్లో అమ్మ గోల. మాడు మీద ఏదో జిగురు పూసి వైర్లు అంటించేవారు. కరెంటు పెడతారేమోనని బిక్కచచ్చిపోయాను గానీ, పెట్టడమేమీ లేదు, మెదడులో పుట్టే అలల్ని చదవడమే. ఎదురుగా తెర మీద ఓ విమానం. మనసు కుదురుగా ఉంటే పైకి లేస్తుంది, లేకపోతే కిందికి దిగుతుంది. నా విమానం ఎప్పుడూ నేల వదిలేది కాదు. టై కట్టుకున్న సారు మాత్రం వచ్చినప్పుడల్లా ఆల్ఫా, బీటా, తీటా అని ఆ అలల పేర్లు వల్లించి, "ఇంప్రూవ్‌మెంట్ కనిపిస్తోందమ్మా" అనేవారు.

ఒకరోజు ఇంటర్వ్యూ, సెషన్ ఒకే వేళకు పడ్డాయి. రాకపోతే ఆ సెషన్ పోయినట్టే అన్నారు. అమీర్‌పేటలో దీనికో ఆచారముంది. ఒకరు క్లాసుకి రాలేకపోతే ఇంకొకరు ఆ సీట్లో కూర్చుని నోట్సు రాసుకొస్తారు. సీటు ఖాళీగా వదలడం మహాపాపం. ఆ అలవాటు కొద్దీ రూమ్మేటును పంపాను. శిక్షణ ఎవరి బుర్రకు అన్న ఆలోచన మా ఇద్దరి బుర్రల్లోకీ రాలేదు. ఆరోజు సారు లేరట. అక్కడ పేరు అడిగారట, నా పేరు చెప్పిందట, వైర్లు పెట్టేశారట.

సాయంత్రం వచ్చి, "మస్తు ఏసీ ఉన్నది. జర ఆగినంక నిద్ర సుత పట్టింది. లేచి చూస్తే విమానం ఆకాశంలనే ఉన్నది" అంది. ఆమెది సిరిసిల్ల వైపు, దేనికీ ఫికర్ పడే రకం కాదు. నాకు నవ్వు రాలేదు. ఇంటర్వ్యూలో కాలేజీ పేరు కూడా వెంటనే నోటికి రాక, తిరుగు బస్సులో ఏడుస్తూ వచ్చాను.

మర్నాడు సెంటర్‌కి వెళ్తే సారు మురిసిపోతూ గ్రాఫు చూపించారు. "నిన్న మీ బెస్ట్ డే అమ్మా. ఇంత ప్రశాంతమైన ఏకాగ్రత ఇక్కడ ఎవరిలోనూ చూడలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇక్కడ నిద్రపోయింది మా రూమ్మేటండీ. ఆ టైములో నేను ఇంకోచోట నోరు పెగలక కూర్చున్నాను. అసలు మీరు డాక్టరేనా? ముందు డాక్టరుకి చూపించుకోమని ఎందుకు చెప్పలేదు? నిద్రకీ ఏకాగ్రతకీ తేడా ఈ మెషీన్‌కి తెలుసా? నాలాంటివాళ్లకి ఇది పనిచేస్తుందని ఎవరు తేల్చారు? పనిచేయట్లేదని ఎప్పుడు ఒప్పుకుంటారు?" చేరేముందు అడగాల్సినవన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పుడు అడిగాను.

సారు టై సర్దుకున్నారు. "చూశారా, ఎంత ధాటిగా మాట్లాడుతున్నారో. ట్రైనింగ్ పనిచేసింది" అన్నారు.

హాస్టల్‌కి వచ్చి చెబితే రూమ్మేటు మంచం మీద పడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "గదంత సరే గని, ఇంటర్వ్యూల కూసున్నంక అసలు నీకేమైతదే?" అని అడిగింది.

అన్ని వైర్లు పెట్టినవాళ్లలో ఒక్కరూ ఆ మాట అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

"భయమేస్తుందే" అన్నాను. ఎదుటి మనిషి కాస్త మొహం చిట్లిస్తే చాలు, ఆయన ప్రశ్న నాకు వినపడదు, వచ్చెయ్యమంటున్న నాన్నగారి గొంతే వినపడుతుంది. నా జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. ఆ గొంతును కాసేపు మరిచిపోవడమే నాకు చేతకాలేదు.