గఫా అనే నవ్వు

మా బంగళాలో మగవాళ్ళు నవ్వితే మీసం కదిలేది, చప్పుడు వచ్చేది కాదు. చప్పుడు పనివాళ్ళ వసారాకు వదిలేశాం. బంగళా పోయింది, అలవాటు మాత్రం నాతోపాటు చిలకలగూడ అద్దె గదికి వచ్చింది.

నిరుడు అక్కడి స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో ఉద్యోగం కోసం డెమో క్లాసు చెప్పాను. పిల్లలకు నచ్చితేనే ఉద్యోగమని ముందే చెప్పి, యజమాని వెనక బెంచీలో కూర్చున్నాడు. పాఠంలో ‘గఫా’ అనే మాట వచ్చింది. మోటుగా, పగలబడి నవ్వడమని అర్థం చెప్పాను. స్కాట్లాండు వాళ్ళు ఆ నవ్వు చప్పుడునే మాటగా చేసుకున్నారని, అదే ఇంగ్లీషులోకి వచ్చిందని వివరించాను.

“గా సప్పుడు ఎట్లుంటది సార్? జెర నవ్వి సూపియ్యుండ్రి,” అంది ముందు వరుసలో ఉన్న అమ్మాయి.

“పాఠంలో అది లేదమ్మా.”

“డెమో అంటే చూపించుడే కదా సార్,” అన్నాడు యజమాని తాపీగా.

నడుము నిటారుగా ఉంచుకునే నవ్వాను. గొంతులో చేపముల్లు గుచ్చుకున్నవాడి దగ్గులాంటిది వచ్చింది. క్లాసంతా బెంచీలు చరుస్తూ నవ్వింది. ఆ మాటకు వాళ్ళ నవ్వుకన్నా మంచి అర్థం నేను చెప్పగలిగేవాణ్ణి కాదు.

“మండే నుంచి వచ్చేయండి సార్,” అన్నాడు యజమాని కళ్ళు తుడుచుకుంటూ.

తాతగారు భూములు సంపాదించారు, నాన్నగారు వాటిని మర్యాదగా అమ్ముకున్నారు. నవ్వి ఉద్యోగం సంపాదించిన ఘనత మాత్రం నాదే.